ఏ ఇంటికి ఏ వేడి? స్తంభాల రేడియేటర్లూ, ఇర్వింగ్ ఇళ్ళూ

తెలుగునాట చలి నాలుగు రోజుల అతిథి. ధనుర్మాసంలో వస్తుంది, భోగిమంట దగ్గర కాసేపు కూర్చుంటుంది, శివరాత్రికి ‘శివశివా’ అంటూ వెళ్ళిపోతుంది. అటువంటి నేల నుంచి వచ్చిన కుటుంబాలకు ఇంటిని చల్లబరచుకోవడం తెలిసినంతగా వెచ్చబరచుకోవడం తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇర్వింగ్ నగరంలో, ముఖ్యంగా వ్యాలీ రాంచ్, లాస్ కొలినాస్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో థర్మోస్టాట్ అంకె పెంచితే వేడి వస్తుంది; నెల తిరిగితే బిల్లు వస్తుంది. ఈ రెండింటి నడుమ ఏమి జరుగుతున్నదో విచారించేవారు అరుదు.

ఇటీవలి కాలంలో ఇంగ్లండులో ఇళ్ళను బాగుచేయించుకొనేవారు గోడకు ఆనుకొని ఉండే రేకు రేడియేటర్లను తీసివేసి, వందేళ్ళనాటి తీరులో ఉండే స్తంభాల రేడియేటర్లను పెట్టించుకోవడం ఒక వేడుకగా మారింది. వాటినే అక్కడ కాలమ్ రేడియేటర్లు అంటారు. లండనులోనో, లెస్టరులోనో ఉన్న బంధువుల ఇంట వాటిని చూచినవారికి, న్యూజెర్సీ, షికాగోలలోని పాత ఇళ్ళలో ఇనుప స్తంభాల పక్కన చలికాలం గడిపినవారికి, ఆ వెచ్చదనం టెక్సస్ ఇంటిలో కూడా ఉంటే బాగుండునని అనిపించడం సహజం. ఆ ముచ్చటను గ్రహించిన దుకాణాలు, నూనె నింపిన విద్యుత్ స్తంభాలను ప్రతి శీతకాలంలోనూ ముందు వరుసలో నిలబెడుతున్నాయి.

ఈ కోరికలో మంచి ఎంత, భ్రమ ఎంత? దీనికి శాస్త్రం స్పష్టమైన సమాధానమే చెబుతుంది. ఇంటికి వెచ్చదనం రేడియేటరు ఆకారం నుంచి రాదు. వేడి ఎక్కడ పుడుతున్నది, ఎంత వైశాల్యం గుండా గదిలోకి వస్తున్నది, గదిలోకి వచ్చినది ఎంతసేపు నిలుస్తున్నది అనే మూడు విషయాలే దానిని నిర్ణయిస్తాయి. స్తంభాల రేడియేటరు రెండవ విషయానికి మాత్రమే జవాబు. ఇర్వింగ్ ఇళ్ళకు ఉన్న కొరత మొదటిదానిలోనూ, మూడవదానిలోనూ ఉన్నది.

స్తంభం చేసే పని

రేడియేటరు 1850ల దశకంలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రాంజ్ సాన్ గల్లి అనే వర్తకుని చేతిలో రూపుదిద్దుకొన్నదని చెబుతారు. అమెరికాలో 1870ల నుంచి పోత ఇనుముతో చేసిన నమూనాలు వ్యాపించాయి. 1892లో అమెరికన్ రేడియేటర్ కంపెనీ ఏర్పడిన తరువాత న్యూయార్కు, షికాగో వంటి నగరాలలో అవి ఇంటింటి వస్తువులయ్యాయి. నేలమాళిగలో బాయిలరు, గోడల వెంట గొట్టాలు, కిటికీ కింద ఇనుప స్తంభాలు: ఇదీ ఆ ఏర్పాటు.

ఇందులోని సూత్రం తెలుగువారికి కొత్తది కాదు. పూర్వం స్నానాల నీళ్ళకు వాడిన రాగి బాయిలరు నడుమ నిలువుగా ఒక గొట్టం ఉండేది. నిప్పులు ఆ గొట్టంలో, నీళ్ళు దాని చుట్టూ. పొయ్యి మీద పెట్టిన గంగాళం కన్న ఆ బాయిలరులో నీళ్ళు త్వరగా కాగడానికి కారణం, నిప్పుకూ నీటికీ నడుమ ఉన్న లోహపు ఉపరితలం పెరగడమే. స్తంభాల రేడియేటరు దీనికి తిరగవేసిన రూపం. వేడినీరు లోపల, గాలి వెలుపల. ఒకే బల్లపరుపు రేకుకు బదులు అనేక స్తంభాలను పక్కపక్కన నిలబెడితే, అంతే చోటులో గాలికి తగిలే లోహం ఎక్కువవుతుంది.

అయితే నేటి రేకు రేడియేటరు కూడా ఈ రహస్యం ఎరిగినదే. దాని రెండు రేకుల నడుమ మడతలు పెట్టిన సన్నని పలకలు ఉంటాయి. బయటికి కనిపించకపోయినా ఉపరితలాన్ని అవి ఎంతో పెంచుతాయి. అందువల్ల రెండు పలకల రేడియేటరును తీసివేసి, అంతే పొడవూ ఎత్తూ ఉన్న రెండు వరుసల స్తంభాలను పెట్టినప్పుడు గదికి వచ్చే వేడి పెరగకపోగా తగ్గే అవకాశమే ఎక్కువ. అందానికి ముగ్ధులై కొనేముందు తయారీదారు ఇచ్చిన పట్టికలో వాట్ల అంకెను పోల్చి చూడడం కనీస జాగ్రత్త. లేకపోతే పైన పటారం, లోన లొటారం అన్న సామెతే మిగులుతుంది.

మూడు అపోహలు

స్తంభాల రేడియేటరు సూర్యుని వలె వేడిని వెదజల్లుతుందని, కనుక అది ఆరోగ్యకరమని మొదటి అపోహ. దాని పేరులో వికిరణం ఉన్నమాట నిజమే. కాని స్తంభాలు ఎక్కువగా ఒకదానినొకటి చూచుకొంటూ నిలబడి ఉంటాయి. లోపలి స్తంభాలు వెదజల్లే వికిరణం గదిలోకి రాకుండా పక్క స్తంభాన్నే చేరుతుంది. గదిని వెచ్చబరచే పని చాలావరకు స్తంభాల సందులలో వేడెక్కి పైకి లేచే గాలిదే. దీనినే ఉష్ణ సంవహనం అంటారు. స్తంభాల వరుసలు పెరిగిన కొద్దీ వికిరణం వాటా తగ్గి, సంవహనం వాటా పెరుగుతుంది.

ఇనుము వేడిని దాచుకొంటుంది కనుక ఖర్చు తగ్గుతుందని రెండవ అపోహ. దాచుకొనేమాట వాస్తవం. వంద కిలోల పోత ఇనుము, అందులో పది కిలోల నీరు 60 డిగ్రీల సెల్సియస్ నుంచి 20 డిగ్రీలకు చల్లారేటప్పుడు విడిచే వేడిని లెక్కకడితే సుమారు 3,500 కిలోజౌళ్ళు, అంటే ఒక యూనిట్ విద్యుత్తుకు కొంచెం తక్కువ. ఇందులో నాలుగున్నర కిలోల ఇనుముకన్న అర కిలో నీరు ఎక్కువ వేడిని దాచుకొంటుందన్నది గమనార్హం. ఏదైనా, ఆలస్యంగా బయటికి వచ్చిన వేడి ముందుగా లోపలికి పోసినదే. అది వడ్డీ లేని అప్పు వంటిది, తీసుకొన్నంతే తీర్చాలి. గదికి నిలకడ వస్తుంది గాని లాభం రాదు.

ఫర్నేసు గాలిని ఎండబెడుతుందని, రేడియేటరు ఎండబెట్టదని మూడవ అపోహ. సున్నా డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి అయిదు గ్రాములకు మించి నీటి ఆవిరిని పట్టుకోలేదు. ఆ గాలే 21 డిగ్రీలకు వేడెక్కితే పద్దెనిమిది గ్రాముల వరకు పట్టుకోగలదు. ఆవిరి పెరగలేదు, సామర్థ్యం పెరిగింది. కనుక సాపేక్ష తేమ నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ పని ఏ సాధనంతో వేడిచేసినా జరిగేదే. అయితే ఇక్కడ ఒక చిన్న సత్యం దాగి ఉన్నది. అటకలో వేసిన గాలి గొట్టాలు చిల్లులు పడి ఉంటే, వెచ్చని గాలి బయటికి పోయి, ఆ వెలితిని పూరించడానికి సందులలోనుంచి పొడి చలిగాలి లోపలికి వస్తుంది. పెదవులు పగలడానికి కారణం ఫర్నేసు కాదు, కారే గొట్టం.

స్తంభాలకు తగిన చోటు

ఇంత చెప్పినంత మాత్రాన స్తంభాల రేడియేటరు పనికిరానిదని అర్థం కాదు. ఇంటిలో ఇదివరకే వేడినీటి గొట్టాలు ఉండి, బాయిలరు మార్చే సమయం వచ్చినప్పుడు, పెద్ద రేడియేటరు గొప్ప మేలు చేస్తుంది. ఆ మేలు దాని రూపంలో లేదు. నీటి ఉష్ణోగ్రతను తగ్గించే వీలు కల్పించడంలో ఉన్నది.

రేడియేటరు ఇచ్చే వేడి, నీటికీ గదికీ ఉన్న ఉష్ణోగ్రతా భేదాన్ని అనుసరించి మారుతుంది. ఆ భేదానికి సుమారు 1.3 ఘాతంగా మారుతుందని కొలతలు చెబుతాయి. నీరు సగటున 70 డిగ్రీలు, గది 20 డిగ్రీలు ఉన్నప్పుడు భేదం 50. నీటిని 50 డిగ్రీలకు తగ్గిస్తే భేదం 30. అప్పుడు అదే రేడియేటరు మొదట ఇచ్చినదానిలో సగం కన్న కొంచెమే ఎక్కువ ఇస్తుంది. ఆ లోటును పూడ్చాలంటే ఉపరితలం ఇంచుమించు రెట్టింపు కావాలి. స్తంభాల వరుసలు పెంచడం ఇందుకొక మార్గం.

నీటిని తక్కువ వేడిలో తిప్పడం వల్ల లాభమేమిటి? సహజవాయువులో ప్రధానమైనది మీథేను. ఒక కిలో మీథేను మండితే రెండుంపావు కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. ఆ ఆవిరి పొగగొట్టంలోనుంచి పోతే, తనలోని గుప్తోష్ణాన్ని, అంటే ఇంధనంలోని శక్తిలో సుమారు పదో వంతును, ఆకాశానికి సమర్పించి పోతుంది. బాయిలరుకు తిరిగివచ్చే నీరు 55 డిగ్రీల కన్న తక్కువగా ఉంటే ఆ ఆవిరి అక్కడే ద్రవించి, ఆ పదో వంతులో కొంతభాగాన్ని ఇంటికే ఇస్తుంది. ఎక్కువ సామర్థ్యం గల బాయిలరు కొని, నీటిని మాత్రం 75 డిగ్రీలకు కాచేవారు ఈ లాభాన్ని తమ చేతులతోనే వదులుకొంటున్నారు. ఇక బయటి గాలినుంచి వేడిని తోడే హీట్ పంపు విషయంలో ఈ భేదం మరింత ముఖ్యం. నీరు ఎంత తక్కువ వేడిలో చాలితే పంపుకు అంత తక్కువ విద్యుత్తు చాలుతుంది. ఇంగ్లండులో 2022 జూన్ నుంచి అమలులో ఉన్న నిర్మాణ నియమాలు, వేడినీటి వ్యవస్థను పూర్తిగా కొత్తగా వేసేటప్పుడు నీరు 55 డిగ్రీలకు మించనవసరం లేకుండా రేడియేటర్ల పరిమాణం నిర్ణయించాలని చెప్పడంలోని ఆంతర్యం ఇదే.

న్యూజెర్సీలోనో, షికాగోలోనో పాత ఇల్లు కొన్నవారు రంగు విషయంలో కూడా రెండు మాటలు తెలుసుకోవాలి. స్తంభాలకు వెండిరంగు వేయడం ఒకప్పటి ఆచారం. అల్యూమినియం, కంచు పొడి కలిపిన రంగులు వికిరణాన్ని తగ్గిస్తాయని అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ 1935లోనే ప్రజలకు తెలియజెప్పింది. లోహపు పొడి లేని మామూలు రంగు ఏదైనా, తెలుపైనా నలుపైనా, ఇంచుమించు ఒకే తీరున వికిరణం చేస్తుంది. చివరి పూత మాత్రమే లెక్కకు వస్తుంది కనుక, పాత వెండిరంగు మీద మామూలు రంగు వేస్తే చాలు. పాతదానిని గీకనక్కరలేదు. నిజానికి గీకకూడదు కూడా. ఇళ్ళలో వాడే రంగులలో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. అంతకు ముందరి రేడియేటరును ఉప్పుకాగితంతో రుద్దితే లేచే దుమ్ము, నేలమీద పాకే పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందం కోసం చేసిన పని బిడ్డ ఆరోగ్యానికి ముప్పు కారాదు. సీసం ఉన్నదీ లేనిదీ పరీక్షించి, శిక్షణ పొందినవారిచేత చేయించడమే తగినది.

ఏ ఎండకా గొడుగు

ఇక ఇర్వింగ్ సంగతి. ఇక్కడి ఇళ్ళు సామాన్యంగా కాంక్రీటు పలక మీద కట్టినవి, నేలమాళిగ ఉండదు. వేడినీటి వలయమూ ఉండదు. అటకలో ఫర్నేసు, అటకలోనే గాలి గొట్టాలు. ఆ గొట్టాలలోనుంచే చలికాలం వెచ్చని గాలి, వేసవిలో చల్లని గాలి వస్తాయి. ఇటువంటి ఇంటిలో స్తంభాల రేడియేటర్లు పెట్టాలంటే బాయిలరు, పంపు, గొట్టాలు అన్నీ కొత్తగా వేయాలి. గొట్టాలను అటక గుండా తీసుకుపోతే, గడ్డకట్టే చలిలో అవి పగిలే ప్రమాదం కొత్తగా నెత్తికెత్తుకొన్నట్లవుతుంది.

అంత చేసినా వేసవికి వాటి వల్ల ఉపయోగం లేదు. డాలస్ – ఫోర్ట్ వర్త్ ప్రాంతంలో 2011 సంవత్సరంలో 71 రోజులు ఉష్ణోగ్రత వంద డిగ్రీల ఫారన్‌హీట్‌ను తాకింది. ఇక్కడ ఇంటికి మొదటి అవసరం చల్లదనం. స్తంభాలలో చన్నీళ్ళు తిప్పితే గాలిలోని తేమ వాటిమీద చెమటగా పట్టి నేలంతా తడిసిపోతుంది. కనుక గాలి గొట్టాలు ఎలాగూ ఉండవలసినవే. రెండు వ్యవస్థలకు సొమ్ము పోసి, ఒకదానిని తొమ్మిది నెలలు ఊరకే ఉంచడం గృహస్థుకు తగిన పని కాదు.

ఇక్కడి చలి స్వభావం కూడా వేరు. జనవరిలో సగటున పగలు 57 డిగ్రీల ఫారన్‌హీట్, రాత్రి 37 డిగ్రీల దరిదాపులలో ఉంటుంది. అయితే ‘బ్లూ నార్దర్’ అనే ఉత్తరపు గాలి వచ్చినప్పుడు కొద్ది గంటలలోనే ముప్పై, నలభై డిగ్రీలు పడిపోవచ్చు. మళ్ళీ రెండు రోజులలో ఎండ కాయవచ్చు. నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారే ఇనుప స్తంభాలు నెలల తరబడి ఒకే తీరుగా ఉండే షికాగో చలికి నప్పినట్లు ఈ చంచలమైన చలికి నప్పవు.

ఇక మిగిలినది నూనె నింపిన విద్యుత్ స్తంభం. దీనికి దక్కవలసిన మెప్పు దీనికి దక్కాలి. ఎర్రగా కాలే తీగల హీటరు కన్న దీని ఉపరితలం తక్కువ వేడిగా ఉంటుంది, చప్పుడు చేయదు, ఆంధ్ర నుంచి వచ్చి చలికి ముడుచుకొనే తల్లిదండ్రుల గదిని మాత్రమే వెచ్చగా ఉంచడానికి మంచి సాధనం. అయితే లోపలి నూనె ఇంధనం కాదు. అది మండదు, తరగదు. వేడిని మోసే వాహకం మాత్రమే. నూనె ఉన్నందువల్ల ఎక్కువ వేడి వస్తుందన్నది అమ్మకపుమాట. విద్యుత్తును నేరుగా వేడిగా మార్చే హీటరు ఏదైనా, వెల ముప్పై డాలర్లైనా మూడు వందలైనా, ఒక యూనిట్‌కు 3,412 బీటీయూల వేడినే ఇస్తుంది. ఇటువంటి హీటర్ల పరిమితి సాధారణంగా 1,500 వాట్లు. 120 వోల్టుల వద్ద పన్నెండున్నర ఆంపియర్లు. ఒక 15 ఆంపియర్ల తీగవరుస మోయగలిగినది ఇంచుమించు అంతే. కనుక ఒకే వరుసమీద రెండు హీటర్లు పెట్టకూడదు. పొడిగింపు తీగతో అసలే పెట్టకూడదు. తీగ తొడుగు కరిగి మంటలు లేవడానికి పరుపు కింద నలిగిన తీగ ఒకటి చాలు.

అటకలో దాగిన హీటరు

అయితే ఇర్వింగ్ గృహస్థు సొమ్ము ఎక్కడ పెట్టాలి? ఒక చిన్న లెక్క దారి చూపుతుంది. రెండువేల చదరపు అడుగుల ఒంటి అంతస్తు ఇల్లు ఒకటి ఊహిద్దాం. బయట 30 డిగ్రీల ఫారన్‌హీట్, లోపల 70. అటకలో పరచిన ఉష్ణబంధకం, అంటే ఇన్సులేషన్, పాతకాలపు ఆర్-11 స్థాయిలో ఉంటే, పైకప్పు గుండా గంటకు సుమారు 7,300 బీటీయూలు పోతాయి. దానిని ఆర్-38కి పెంచితే పోయేది 2,100 మాత్రమే. మిగిలేది గంటకు సుమారు 5,200 బీటీయూలు. 1,500 వాట్ల స్తంభం పూర్తి శక్తితో గంటసేపు ఇచ్చే వేడి 5,100 బీటీయూలు. అంటే అటకలో పరచిన దూదివంటి పదార్థం, బిల్లు లేకుండా, తీగ లేకుండా, రాత్రింబగళ్ళు వెలిగే ఒక హీటరుతో సమానం. పైగా ఆగస్టులో అదే పదార్థం ఎండను ఆపుతుంది. ఏ రేడియేటరు ఈ పని చేయగలదు?

దాని తరువాతిది గాలి గొట్టాల అతుకులు. సాధారణమైన ఇంటిలో గొట్టాలలో సాగే గాలిలో 20 నుంచి 30 శాతం చిల్లుల గుండా, సరిగా బిగించని కీళ్ళ గుండా పోతున్నదని అమెరికా ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతున్నది. గొట్టాలు అటకలో ఉన్న ఇంటిలో ఆ నష్టం పూర్తిగా ఆకాశానికి అర్పణమే. వీటికి వేయవలసిన పూత, పట్టీల ఖర్చు స్వల్పం.

మూడవది మూలం. పాత ఎయిర్ కండిషనరు పనికి రాకుండా పోయినప్పుడు, దాని స్థానంలో హీట్ పంపును పెట్టుకోవడం విజ్ఞత. అది వేసవిలో ఇంటి వేడిని బయటికి, చలికాలంలో బయటి వేడిని ఇంటిలోకి మోస్తుంది. ఉన్న గొట్టాలనే వాడుకొంటుంది. ఇర్వింగులో మామూలు చలిరోజున ఒక యూనిట్ విద్యుత్తుకు మూడు యూనిట్ల దాకా వేడి ఇవ్వగలదు. నూనె స్తంభం ఒకటికి ఒకటే ఇస్తుంది. బయట బాగా చల్లబడినప్పుడు దీని శక్తి తగ్గుతుంది కనుక, కొనేముందు తీవ్రమైన చలిలో అది ఎంత ఇవ్వగలదో అడిగి తెలుసుకోవాలి. వేగాన్ని మార్చుకోగల నమూనాలు తక్కువ వేడిలో ఎక్కువసేపు నిలకడగా నడుస్తాయి. స్తంభాల రేడియేటరు నేర్పే అసలు పాఠం కూడా ఆ నిలకడే. ఆకారాన్ని తెచ్చుకోకుండా గుణాన్ని తెచ్చుకోవడమంటే ఇదే.

2021 ఫిబ్రవరి

ఈ చర్చ కేవలం బిల్లుకు సంబంధించినదని ఎవరైనా అనుకొంటే, 2021 ఫిబ్రవరిని గుర్తుచేసుకోవాలి. ఆ నెల 15వ తేదీ తెల్లవారుజామున 1 గంట 25 నిమిషాలకు టెక్సస్ విద్యుత్ వలయాన్ని నడిపే ఎర్కాట్ సంస్థ, వలయం పూర్తిగా కూలిపోకుండా కాపాడడానికి కోతలు మొదలుపెట్టించింది. కోత ఒక దశలో 20,000 మెగావాట్లకు చేరింది. 45 లక్షలకు పైగా ఇళ్ళు చీకటిలో మునిగాయి. 16వ తేదీన ఇర్వింగును ఆనుకొని ఉన్న విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. 1949 తరువాత అంతటి చలి అక్కడ నమోదు కాలేదు.

ఆ రాత్రులలో విద్యుత్ స్తంభం చల్లని లోహంగా నిలిచిపోయింది. సహజవాయువు అందుతున్న ఇళ్ళలో కూడా, గాలిని తోసే మోటారుకు విద్యుత్తు లేక ఫర్నేసు ఆగిపోయింది. ఇంటిలో వేడినీటి రేడియేటర్లు ఉన్నా పంపు తిరిగేది కాదు; ఇనుములో దాగిన ఆ ఒక్కొక్క యూనిట్ వేడి కొద్ది గంటలలో హరించుకుపోయేది. విద్యుత్తు లేకుండా పనిచేసినది ఒక్కటే: గోడలలో, అటకలో ఉన్న ఉష్ణబంధకం. అది బాగా ఉన్న ఇల్లు మెల్లగా చల్లబడింది. లేని ఇల్లు గంటలలోనే మంచుగడ్డ అయింది. టెక్సస్‌లో సగానికి పైగా ఇళ్ళు విద్యుత్తుతోనే వేడెక్కుతాయి కనుక, వేడి నిలవని ప్రతి ఇల్లూ వలయంపై భారాన్ని పెంచేదే. అటక బాగుచేసుకోవడం సొంత లాభమే కాక పొరుగువారికి సాయం కూడా.

రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం ఆ తుపాను 246 మంది ప్రాణాలు తీసుకొన్నది. వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది చలికి గురై మరణించారు. కార్బన్ మోనాక్సైడ్ వల్ల పోయినవారు 19 మంది. ఈ రెండవ అంకె తెలుగువారు ప్రత్యేకంగా ఆలోచించవలసినది.

కుంపటి తెలుగు ఇళ్ళకు పాత చుట్టం. బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం ఎన్నో ఊళ్ళలో ఆచారం. పురిటి సాయానికి ఇర్వింగు వచ్చే తల్లులలో అది ఎరిగినవారు నేటికీ ఉన్నారు. పొగ పోయి, బొగ్గులు ఎర్రగా అయిన తరువాత కుంపటి లోపలికి తెచ్చుకోవచ్చునని పెద్దల నమ్మకం. రసాయన శాస్త్రం దీనికి సరిగ్గా విరుద్ధంగా చెబుతుంది. ఎర్రని బొగ్గు మీద పుట్టిన కార్బన్ డయాక్సైడ్, పైనున్న మరో ఎర్రని బొగ్గును తాకి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేని కుంపటి కంటికి నిరపాయం, ప్రాణానికి కాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్న రెండు వందల రెట్లకు పైగా గాఢంగా దీనిని పట్టుకొంటుంది. తలనొప్పి, వాంతి, నీరసం – జలుబు జ్వరం అనుకొని నిద్రపోయినవారు మళ్ళీ లేవకపోవచ్చు. గర్భస్థ శిశువుకూ, పసిబిడ్డకూ అపాయం మరింత ఎక్కువ.

పెంకుటిళ్ళలో ఆ ఆచారం సాధారణంగా సాగిపోయిందంటే కారణం కుంపటి మంచితనం కాదు. పెంకుల సందులలో, తలుపుల కింద నిరంతరం తిరిగే గాలి మంచితనం. సందులు మూసి, కిటికీలు బిగించిన టెక్సస్ ఇంటిలో ఆ గాలి లేదు. బొగ్గుల గ్రిల్లును గరాజులో పెట్టినా అంతే. జనరేటరును ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరాన ఆరుబయట మాత్రమే నడపాలి. అటకలోని ఇన్సులేషనుతో పాటు, నిద్రించే గదుల దగ్గర బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండడం ప్రతి ఇంటికీ అవశ్యకం. వేడిని నిలిపే ఇంటిలో విషాన్ని పసిగట్టే సాధనం ఉండి తీరాలి.

ముందు ఏది, వెనుక ఏది

ఇర్వింగ్ గృహస్థు పాటించవలసిన క్రమం ఇలా తేలుతున్నది. మొదట అలారం, దాని వెల అందరికీ అందుబాటులో ఉన్నది, అది కాపాడేది వెలకట్టలేనిది. తరువాత అటక. ఆపైన గాలి గొట్టాల అతుకులు. పాత యంత్రం ఆగినప్పుడు హీట్ పంపు. ఇవన్నీ అయిన తరువాత, పెద్దవారి గదిలో ఒక నూనె స్తంభం పెట్టుకొంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. లండనులోనో, షికాగోలోనో ఉన్న బంధువులు ఇనుప స్తంభాలను కొనదలిస్తే, అందం చూచిన తరువాత వాట్ల పట్టికను చూచి, నీటి ఉష్ణోగ్రతను తగ్గించగలిగినంత పెద్దవి ఎంచుకోవడం వారికి మేలు.

పొరుగింటి పుల్లకూరకు రుచి ఎక్కువ అంటారు. పొరుగుదేశపు రేడియేటరుకు కూడా అందం ఎక్కువగానే కనిపిస్తుంది. కాని ఏ నేలలో ఇల్లు కట్టుకొంటే ఆ నేల ఎండనూ, ఆ నేల చలినీ తెలిసికొని ఇంటిని సవరించుకోవడం తెలుగువారికి తరతరాల విద్య. మందపాటి మట్టిగోడలు, తాటాకు కప్పులు, మండువా లోగిళ్ళు ఆ విద్యకు గుర్తులు. ఆ విద్యను ఇర్వింగ్ నేలకు అన్వయించుకొంటే, అతిథి గదిలో మెరిసే స్తంభాల కన్న, ఎవరికీ కనిపించని అటకకే మొదటి మర్యాద దక్కుతుంది. మళ్ళీ ఒక ఫిబ్రవరి రాత్రి దీపాలు ఆరిపోయినప్పుడు, నిద్రిస్తున్న పిల్లలనూ పెద్దలనూ తెల్లవారేదాకా కాచేది అదే.